పామర్రులో కొట్టేసిన గోలు

కృష్ణా జిల్లా వెళ్ళొచ్చానని చెప్పగానే మా ఖరగ్‌పూర్ ఆఫీసులో తెలుగువాళ్ళందరూ ఒకటే మాట అడిగారు, దుర్గమ్మ దర్శనం బాగా జరిగిందా అని. కొండ ఎక్కలేదని చెప్పడానికి కాస్త సిగ్గుపడ్డాను. విజయవాడలోనూ దాని దిగువన డెల్టాలోనూ నాలుగు రోజులు తిరిగి, కొండ కింది నుంచే రెండుసార్లు దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. నేను వెళ్ళింది ఫుట్‌బాల్ చూడటానికి.

“కృష్ణా జిల్లాలో ఫుట్‌బాలేంటయ్యా?” అన్నాడు మా హెడ్ క్లర్కు. ఆయనకు చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే ఇక్కడ చెప్తాను.

మా తాత విజయనగరం పక్క పల్లె నుంచి రైల్వే వర్క్‌షాపులో కూలికి ఖరగ్‌పూర్ వచ్చాడు. నేను అక్కడే పుట్టి, అక్కడే స్టోర్సులో గుమాస్తానయ్యాను. ఆడటంలో గొప్పవాణ్ణి కాను కాబట్టి రూల్సు చదువుకుని, పరీక్ష రాసి, రెఫరీనయ్యాను. పదకొండేళ్ళు శని, ఆదివారాలు కలకత్తా రైలెక్కి పెద్ద లీగు మ్యాచిల్లో విజిల్ ఊదాను. ఈ ప్రయాణానికి రెండేళ్ళ ముందు మానేశాను. మోకాలు నొప్పి అని ఇంట్లో చెప్పాను. మోకాలికి ఏమీ కాలేదు.

ఆ వేసవిలో విజయవాడ నుంచి మస్తాన్ వలీ ఉత్తరం రాశాడు. ఇరవై ఏళ్ళ కిందట రైల్వే జట్ల పోటీలు మా ఊళ్ళో జరిగినప్పుడు అతను లెఫ్ట్ బ్యాక్‌గా వచ్చాడు. క్యాంటీన్ తిండి పడక మంచాన పడితే మా అమ్మ వారం రోజులు చారన్నం పెట్టింది. ఆ స్నేహం అలాగే నిలిచింది. “మా వన్ టౌన్ జట్టువాళ్ళు పామర్రులో ఒక మ్యాచి, బందరు దగ్గర ఒక మ్యాచి ఆడతన్నారు. నువ్వూ రా రాజూ. ఏ పనీ చెప్పను. ఊరికే కూర్చుని చూడు” అని రాశాడు. ఊరికే కూర్చోవచ్చన్న మాట నాకు నచ్చింది. సెలవు పెట్టాను.

వన్ టౌన్

మస్తాన్ మోపెడ్ మీద స్టేషనుకి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది కానీ, ఎడమ భుజం ముందుకు పెట్టి నడిచే ఆ నడక మారలేదు. నా పెట్టె కాళ్ళ దగ్గర ఇరికించుకుని, తోపుడు బళ్ళను తప్పించుకుంటూ, ఇనుప సామాను కొట్ల ముందు నుంచి, మిరపకాయ బస్తాల ఘాటులోంచి వన్ టౌన్ సందుల్లోకి తీసుకెళ్ళాడు. అతను రైల్వేలో ఫిట్టరు. కింద అన్నగారి బ్యాగుల కొట్టు, పైన ఇల్లు. కొట్టులో ఒక మూల తెగిన ఫుట్‌బాళ్ళు ఆరేడు వేలాడుతున్నాయి. డ్యూటీ దిగాక వాటికి తనే కుట్లు వేస్తాడట. జట్టుకి మేనేజరు, కోచ్, బంతులు కుట్టేవాడు అన్నీ తనే.

ఇంట్లో పెట్టె పెట్టీ పెట్టకముందే ఇడ్లీ తినడానికి హోటలుకి తీసుకెళ్ళాడు. మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళం మూడు తరాలుగా బెంగాలీల పక్కన బతికి నాలుకలు మెత్తబడ్డవాళ్ళం. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి కొండలాగా పోస్తారు. మొదటి ముద్దకే కళ్ళు, ముక్కు ఏకమయ్యాయి. సర్వరు పరుగున వచ్చి నెయ్యి ధారగా పోసి, “తినెయ్యండి సార్, దిగుద్ది” అన్నాడు. తర్వాత నా మాట విని, “మీది ఒరిస్సానాండీ?” అని అడిగాడు. ప్లేటు ఐదు రూపాయలు. ఆ నెయ్యికి, రెండోసారి వేసిన చట్నీకి ఏమీ తీసుకోలేదు. మా ఊళ్ళో రెండోసారి చట్నీ అడిగితే గిన్నె వంక చూసి మన వంక చూస్తారు.

సాయంత్రం జట్టు ప్రాక్టీసు చూశాను. రైలు కట్ట పక్కన గడ్డి లేని మైదానం. గోల్ కీపరు దర్జీ. ఇద్దరు ఆటో డ్రైవర్లు. ఒకాయన కాలేజీలో లెక్చరరు. ముందు వరసలో ఆడే ఇబ్రహీం బత్తాయిల బండివాడు. బండిని పక్క కొట్టాయనకు అప్పగించి, లుంగీ కింద నిక్కరుతోనే వచ్చాడు. చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఫ్రీ కిక్ ఎవరు కొట్టాలన్న విషయం మీద లెక్చరరు, ఆటో డ్రైవరు పావుగంట పోట్లాడుకున్నారు. కలకత్తాలో నేను విన్న పోట్లాటలన్నీ వచ్చే సీజనుకి ఏ క్లబ్బు ఎంతిస్తుందన్న దాని మీదే. ఇలాంటిది విని ఎన్నాళ్ళయిందో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. బంతి కనపడనంత మసక పడ్డాక గానీ వాళ్ళు ఆపలేదు.

బెంజ్ సర్కిల్

మర్నాడు పొద్దున్నే అందరూ బెంజ్ సర్కిల్ దగ్గర కలుసుకోవాలని ఏర్పాటు. చిన్న లారీ ఒకటి మాట్లాడారు. నలువైపుల నుంచి బస్సులు, స్కూటర్లు ఒకదాని మీదికి ఒకటి వస్తుంటే, ఆ హోరులో పలావు డేగిసా మధ్యలో పెట్టుకుని పదహారు మందిమి గంటన్నర కూర్చున్నాం. పలావు మస్తాన్ భార్య తెల్లారుజామునే లేచి వండింది. ఇబ్రహీం రాలేదు. అతను లేకపోతే గోలు కొట్టేవాడు లేడట.

ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి డేగిసా వంక చూసి, “పెళ్ళికా?” అన్నాడు.

“ఫుట్‌బాల్ మ్యాచికండి, పామర్రు” అన్నాడు మస్తాన్.

“ఫుట్‌బాలా?” కానిస్టేబులు కాసేపు ఆలోచించి, “సరే, కప్పు తెస్తే వచ్చేటప్పుడు ఇటే రండి, చూస్తా” అన్నాడు.

ఇబ్రహీం చివరికి గోనెసంచితో దిగాడు. నిన్న మిగిలిన బత్తాయిలు. “ఇంట్లో పెడితే పాడైపోతాయి. హాఫ్ టైమ్‌లో తినొచ్చు” అన్నాడు. ఎవరూ తిట్టలేదు.

ఉయ్యూరు దాటాక

బందరు రోడ్డు వెంట ఒక పక్క కాలవ, ఒక పక్క పొలాలు. ఉయ్యూరు చేరకముందే బెల్లం మాడినట్టు తియ్యటి వాసన లారీలోకి వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ అన్నారు. మాకు ఖరగ్‌పూర్‌లో బొగ్గు పొగ, గ్రీజు తప్ప వేరే వాసన తెలియదు. ఊరు దాటి మైలు దూరం వెళ్ళామో లేదో టైరు పంక్చరయింది. డ్రైవరు జాకీ తీసేలోపు మావాళ్ళు రోడ్డు వారన గుండ్రంగా నిలబడి, బంతి కింద పడకుండా తలలతో ఆడటం మొదలెట్టారు. వెనకాల వచ్చిన బస్సు డ్రైవరు బండి నెమ్మది చేశాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి గట్టిగా లెక్కపెట్టారు. ముప్ఫై నాలుగు దగ్గర లెక్చరరు గారు బంతిని కాలవలో పడేశాడు. దాన్ని గెడకర్రతో తీయడానికి పట్టిన టైములో టైరు రెండుసార్లు మార్చొచ్చు.

పామర్రు: రెండు భోజనాలు

పామర్రు నాలుగు దారులు కలిసే సంత ఊరు. ఎటు చూసినా పొలాలే. ఎరువుల కొట్టు కోటేశ్వరరావు గారు మాకు ఎదురొచ్చారు. అరవై దాటినా నిటారుగా ఉన్న మనిషి. ఆయన నాన్నగారు బందరులో చదువుకునేటప్పుడు ఆట నేర్చుకుని, ఊరికి మొదటి బంతి తెచ్చారట. అప్పటి నుంచి ఏటా మినుము తీసేశాక ఈయన పొలంలోనే ఆట. పామర్రుకీ వన్ టౌన్ జట్టుకీ ఏడాదికి ఒక్క మ్యాచి. గెలిచినవాళ్ళ దగ్గర కప్పు ఏడాదంతా ఉంటుంది. సమానంగా ముగిస్తే పోయినసారి గెలిచినవాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. నాలుగేళ్ళుగా అది ఎరువుల కొట్టు అద్దాల బీరువాలోనే ఉంది. మస్తాన్ లోపలికొచ్చి కుర్చీలో కూర్చోకుండా ఆ బీరువా ముందే నిలబడ్డాడు.

అప్పుడు తెలిసిన కబురు, రెఫరీగా రావాల్సిన డ్రిల్లు మాస్టారుని పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీకి వేశారని. రావడం లేదు. కొట్టులో అందరూ నా వంక చూశారు. నా సంగతి మస్తాన్ ముందే చెప్పుకున్నట్టున్నాడు.

“నేను మానేశానండి” అన్నాను.

“కలకత్తాలో పెద్ద పెద్ద మ్యాచిలు చేశారంట గదండీ” అన్నారు కోటేశ్వరరావు గారు.

“అందుకే మానేశాను.”

మస్తాన్ నన్ను కొట్టు వెనక గోడౌనులోకి తీసుకెళ్ళాడు. యూరియా బస్తాల మీద ఇద్దరం కూర్చున్నాం. “మోకాలు బానే ఉందిగా. లారీ ఎట్టా ఎక్కావో చూశా. ఏం జరిగింది?” అన్నాడు.

రెండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పాను. ఒక పెద్ద మ్యాచి. మొదటి సగం ఒకటీ ఒకటి. హాఫ్ టైమ్‌లో పెద్దమనిషి ఒకాయన నా గదికి వచ్చాడు. సందేశ్ మిఠాయి ప్లేటు నా ముందు పెట్టి, ఎంతో మర్యాదగా, ఈ మ్యాచి ఇలాగే ముగిస్తే అందరికీ మంచిదని, రెండు జట్లకీ తెలుసునని, మళ్ళీ మ్యాచి పెడితే గేటు కలెక్షను బాగుంటుందని చెప్పాడు. నన్నేమీ చేయమనలేదు. ఏమీ చేయకుండా ఉండమన్నాడు, అంతే. రెండో సగంలో ఒక ఆటగాడు ఖాళీ గోలు ముందు నిలబడి బంతిని బయటికి తన్నాడు. లక్ష గొంతులు ఒక్కసారి మూలిగాయి. బంతి బయటికి పోయిందని నేను చెయ్యి చాపి గోల్ కిక్ చూపించాను. ఆట ముగిశాక ట్రాము స్టాపులో ఇద్దరు మనుషులు ఆ తప్పిన గోలు గురించి కొట్టుకోబోయారు. ఒకడికి కన్నీళ్ళు కారుతున్నాయి. ఆ ఆటగాడు గోలు ఎందుకు కొట్టలేదో నాకు తెలుసు. విజిలున్న సంచి చంకలో పెట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడ్డాను. నోరు తెరవలేదు. ఎవరికీ ఫిర్యాదు రాయలేదు. మర్నాడు రెఫరీ కార్డు తిరిగిచ్చేశాను.

మస్తాన్ బస్తా కుట్టులో ఊడిన దారం ఒకటి తెంపాడు. తర్వాత, “ఇక్కడ సందేశ్ దొరకదులే” అన్నాడు. “ఇక్కడ డ్రా కావాలంటే పామర్రోళ్ళకే కావాలి. అది కూడా వాళ్ళు ఆడే తీసుకోవాలి. నువ్వు ఊదకపోతే మ్యాచి లేదు రాజూ. పదహారు మంది ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చారు.”

ఒప్పుకున్నాను. అయితే నేను వన్ టౌన్ వాళ్ళ అతిథిని కదా, మీకు అభ్యంతరం లేదా అని కోటేశ్వరరావు గారిని అడిగాను.

“వాళ్ళింట్లో అన్నం తిన్నారనేగా మీ బాధ? మా ఇంట్లో కూడా తినండి. సరిపోద్ది” అన్నారు.

అప్పటికే డేగిసా దించి, పలావు, దాల్చా కడుపునిండా పెట్టారు నాకు. ఆ వెంటనే కోటేశ్వరరావు గారింట అరిటాకు. మామిడికాయ పప్పు, నెయ్యి, ఆవకాయ, వడియాలు, కత్తితో కోయాల్సినంత గడ్డ పెరుగు. మా పక్కింటి బెంగాలీలు భోజనం చేదు కూరతో మొదలుపెడతారు, ఇక్కడ పప్పుతో మొదలుపెట్టి ఎక్కడా ఆగనివ్వరు. ఆ ఇంటి అమ్మగారు, “నిష్పక్షపాతంగా తినాలండీ” అని మారు వడ్డించారు. న్యాయం నిలబెట్టడానికి ఇంత తినాల్సి వస్తుందని రూల్సు పుస్తకంలో ఎక్కడా లేదు.

ముగ్గు గీతల్లో

మినుము పీకేసిన పొలాన్ని ట్రాక్టరుతో చదును చేసి, నెర్రెల్లో ఇసుక పోశారు. గీతలన్నీ ముగ్గుపిండితో ఆడవాళ్ళు గీశారు. అంత తిన్నని పెనాల్టీ బాక్సు నేను కలకత్తాలో కూడా చూడలేదు. గోలుకి సరుగుడు గెడలు పాతారు. వలలు లేవు. గట్ల మీద, ట్రాక్టరు తొట్లలో, గీత మీదే కాళ్ళు చాపుకుని ఊరంతా కూర్చుంది. కార్నర్ కొట్టాల్సి వస్తే ముందు అక్కడున్నవాళ్ళను లేపాలి. కలకత్తా స్టేడియంలో జనానికీ ఆటకీ మధ్య ఇనుప కంచె, గుర్రాల మీద పోలీసులు ఉండేవాళ్ళు. ఇక్కడ నేను “కాళ్ళు ముడుచుకోండమ్మా” అంటూ పరిగెత్తాను.

ఎండ తగ్గాక మొదలైంది ఆట. మొదటి పది నిమిషాలు రెండు భోజనాలూ నాతోపాటు పరిగెత్తాయి. తర్వాత అవి మర్చిపోయాను. అంత గట్టి ఆట. పామర్రు కీపరు ట్రాక్టరు డ్రైవరు, చేతులు పారల్లాంటివి. ఇబ్రహీం కొట్టిన మూడు దెబ్బలు ఆపాడు. ఒట్టి కాళ్ళతో ఆడేవాళ్ళ వేళ్ళు నెత్తురోడుతున్నా ఎవరూ బయటికి వెళ్ళలేదు. హాఫ్ టైమ్‌లో బత్తాయిలు రెండు జట్లూ తిన్నాయి. రెండో సగంలో వన్ టౌన్ పడమటి గోలు వైపు ఆడింది. సూర్యుడు ఆ గోలు వెనకే దిగుతున్నాడు.

ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా ఇబ్రహీం ఎడమ కాలితో పడిపోతూ ఒకటి కొట్టాడు. నా కళ్ళల్లో ఎండ, మధ్యలో దుమ్ము. బంతి గెడ పక్క నుంచి వెనక్కి పోయింది. కీపరు చెయ్యి అందలేదు. వన్ టౌన్ వాళ్ళు చేతులు ఎత్తారు. నేను విజిల్ ఊది గోలు ఇచ్చాను.

కీపరు నా మీదికి రాలేదు. గెడ దగ్గరే నిలబడి, బయట నుంచి పోయిందని చేత్తో చూపిస్తున్నాడు. జనం లోపలికి వచ్చేశారు. లైన్స్‌మన్లు ఇద్దరూ జట్టుకొకడు. ఒకడు గోలన్నాడు, ఒకడు కాదన్నాడు. పామర్రు కెప్టెను నా దగ్గరికొచ్చి, “మీరు లోపల నుంచి పోవడం చూశారాండీ?” అని మాత్రం అడిగాడు.

చూడలేదు. చూశానని ఊదాను.

ఆట మళ్ళీ మొదలయ్యేదాకా రెఫరీ తన నిర్ణయం మార్చుకోవచ్చని రూల్సు పుస్తకంలో ఉంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా వాడలేదు. వాడితే స్టేడియం తగలబడుతుంది. నేను గోలు వెనక్కి నడిచాను. అక్కడ నాంచారమ్మ అని ఒకావిడ తాటాకు గొడుగు కింద ముంజలు అమ్ముకుంటోంది. బంతి ఆవిడ బుట్ట పక్కనే ఉంది.

“ఇది గెడకి ఏ పక్క నించి వచ్చిందమ్మా?” అన్నాను.

“అవతల పక్క నించండి. బయట నించి.”

“నువ్వు ఈ ఊరిదానివేగా?”

“ఈ ఊరేనండి.” కత్తి పక్కన పెట్టింది. “ఎవరు గెలిస్తే నాకేంటండి? పొద్దున్నించీ నా కాయలు కొన్నది ఆ బెజవాడోళ్ళే. మా ఊరోళ్ళు బేరాలాడి పోయారు. నన్నడిగితే వాళ్ళే గెలవాలి. కానీ బయట నించే పోయింది.”

నేను ఆవిడ కూర్చున్న చోట ఒంగి చూశాను. రెండు గెడలూ, మధ్యలో ఖాళీ, అన్నీ తేటగా కనపడ్డాయి. వెనక్కి వచ్చి ఇబ్రహీంని అడిగాను. “నాకు తెలీదు భాయ్, పడిపోయా. గోలే అనుకున్నా” అన్నాడు. అబద్ధం చెప్పలేదు, నాకు సాయమూ చేయలేదు.

ఊపిరి పీల్చుకుని మళ్ళీ విజిల్ ఊదాను. గోలు లేదు, గోల్ కిక్ అని చూపించాను.

ఆ తర్వాత ఐదు నిమిషాలు నన్ను వన్ టౌన్ జట్టు తిట్టని తిట్టు లేదు. లెక్చరరు గారు ఇంగ్లీషులో తిట్టాడు. మస్తాన్ గీత దాటి లోపలికొచ్చి, “ముంజలమ్మేవాళ్ళు చెప్తే గోలు తీసేస్తావా?” అన్నాడు. “ఆవిడ చూసింది, నేను చూడలేదు. బయటికి నడు మస్తాన్” అన్నాను. ఇరవై ఏళ్ళలో అతనితో అలా మాట్లాడలేదు. నడిచాడు. మిగిలిన ఎనిమిది నిమిషాల్లో ఎవరూ గోలు కొట్టలేదు. సున్నాకి సున్నా. కప్పు ఎరువుల కొట్టు బీరువాలోనే ఉండిపోయింది.

బందరు రోడ్డు

రాత్రి పామర్రులోనే పడుకుని, పొద్దున్నే లారీ ఎక్కాం. ఎవరూ నాతో మాట్లాడలేదు. చోటు మాత్రం ఇచ్చారు, బత్తాయి కూడా ఇచ్చారు. కోపమున్నా తిండి పెట్టడం మానకపోవడం ఇక్కడి మర్యాద అనుకుంటాను. రెండు పక్కలా మినపకట్టె కుప్పలు, దూరంగా తాటిచెట్లు. సగం దారిలో మస్తాన్ నా వైపు తిరగకుండానే అన్నాడు.

“అక్కడా డ్రానే చేశావు. ఇక్కడా డ్రానే చేశావు.”

గోడౌనులో నమ్మి చెప్పింది ఇలా తిరిగొస్తుందనుకోలేదు. కాలవ వంక చూస్తూ కూర్చుని నిన్నటి ఆట అంతా మళ్ళీ నడిపించుకున్నాను. పదకొండేళ్ళలో ఎంతోమంది నన్ను తిట్టారు. కానీ ఆ పెద్ద మ్యాచి ముగిశాక ఆటగాళ్ళెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. చేతులు కలిపి, నవ్వుతూ వెళ్ళిపోయారు. నిన్న ఇబ్రహీం కళ్ళల్లో నీళ్ళున్నాయి, లెక్చరరు గారి గొంతు బొంగురుపోయింది, నా స్నేహితుడు నా మొహం చూడటం లేదు. ఆ గోలు వాళ్ళకు నిజంగా కావాలి. కాబట్టే నేను దాన్ని నిజంగా చూడాల్సి వచ్చింది. బందరు ఊళ్ళోకి వచ్చేసరికి నాకు మనసు కుదుటపడింది. హల్వా కొని అందరికీ పంచాను. మస్తాన్ తిన్నాడు గానీ బాగుందని అనలేదు.

మంగినపూడి దారిలో

రెండో మ్యాచి సముద్రం దగ్గర పల్లెకారుల పేటలో. నల్ల ఇసుక, పొద్దున్నే కాళ్ళు కాలతాయి. అక్కడి ఆటగాళ్ళు వేటకి వెళ్ళొచ్చి, వలలు ఆరేసి, ఆటకు దిగుతారు. గోలు గెడలకి కట్టింది కూడా చేపల వలే. వెనకాల ఎవరినీ అడగాల్సిన పని లేదు. వేయించిన చేప ముక్క, గంజి ఇచ్చారు. మా వైపు ఆవ పెట్టి వండే చేప తిన్న నోటికి ఇక్కడి చింతపండు, కారం కొత్తగా ఉన్నాయి. ఈసారి కళ్ళల్లో నీళ్ళు రాలేదు.

వాళ్ళ పెద్ద పోతురాజు, ఆట మొదలవబోతుంటే, “ఎప్పుడూ ఇటోడు ఒక సగం, అటోడు ఒక సగం ఊదుతారు. ఆఖరికి కొట్టుకుంటాం” అని, నా వైపు చూపించి, “ఈయన ఎవరు? మీ మనిషేనా?” అని మస్తాన్‌ని అడిగాడు.

మస్తాన్ కాసేపు ఇసుకలో బొటనవేలితో గీత గీశాడు. కోపం ఇంకా పోలేదని గొంతులోనే తెలుస్తోంది.

“మా మనిషే” అన్నాడు. “నిన్న పామర్రులో మా గోలే తీసేశాడు. కప్పు పోయింది. ఈయన్నే పెట్టుకోండి. మీకేం భయం లేదు.”

పోతురాజు నన్ను కిందా మీదా చూసి, సరేనన్నాడు.

ఇసుకలో పరిగెత్తడం పొలంలో పరిగెత్తినట్టు కాదు. పిక్కలు పట్టేసి రెండుసార్లు పడ్డాను. ఒకసారి బంతి సముద్రంలోకి పోతే ఇద్దరు ఈదుకెళ్ళి తెచ్చారు. వన్ టౌన్ రెండు ఒకటితో గెలిచింది. రెండోది ఇబ్రహీందే. బంతి వలలో పడి ఊగింది. అతను లేచి నిలబడి ముందు నా వంకే చూశాడు. నేను విజిల్ ఊది చెయ్యి మధ్య గీత వైపు చూపించాక గానీ పరుగెత్తలేదు. పేటవాళ్ళకి నేనివ్వని పెనాల్టీ ఒకటుంది. దాని గురించి ఆడవాళ్ళతో సహా అందరూ నన్ను తిట్టి, తర్వాత మంచినీళ్ళిచ్చి సాగనంపారు. మళ్ళీ ఏడు నన్నే పిలవమని మస్తాన్‌తో చెప్పారట. అతను నాకు ఆ మాట చెప్పలేదు. ఇబ్రహీం చెప్పాడు.

ఇది చదివేవాళ్ళు అడగొచ్చు, మళ్ళీ విజిల్ పట్టావా అని. పట్టాను. మా వర్క్‌షాపు వెనక మైదానంలో ఆదివారాలు కూలీల జట్లు ఆడతాయి, అక్కడ. పెద్ద స్టేడియంకి చూడటానికి కూడా వెళ్ళడం లేదు. ఆ హాఫ్ టైమ్ సంగతి ఇప్పుడు కాగితం మీద పెట్టాను కాబట్టి కలకత్తాలో ఎవరికైనా చేరితే చేరనివ్వండి. అడిగితే చెప్తాను.

మళ్ళీ స్టేషను

మర్నాడు విజయవాడలో మధ్యాహ్నం బండికి మస్తాన్ వచ్చి ఎక్కించాడు. మా అమ్మకి చీర, నాకు ఇడ్లీ కారప్పొడి పొట్లం ఇచ్చాడు. బండి కదలడానికి ఇంకా టైముంది. కిటికీ పక్కన నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నాడు.

“ఒక మాట. ఆ నాంచారమ్మకి చత్వారమంట. కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి కనుక్కున్నా.”

“చత్వారమైతే దగ్గరవి కనపడవు. గెడ ఆవిడకి పది గజాల దూరంలో ఉంది.”

“ఎండ కళ్ళల్లో పడుద్దిగా?”

“ఎండ ఆవిడ వీపు మీద ఉంది మస్తాన్. నా కళ్ళల్లో పడింది.”

బండి కదిలింది. అతను కిటికీ ఊచ పట్టుకుని పక్కనే నడవసాగాడు. “మరి దుమ్ము సంగతేంటి?” అన్నాడు. దుమ్ము గోలు ముందే లేచిందని, ఆవిడ వెనకుందని చెప్పాను. ఒప్పుకోలేదు. నడక పెంచాడు, ఎడమ భుజం ముందుకు పెట్టి, ప్లాట్‌ఫాం చివరి దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అరిచాడు. చక్రాల చప్పుడులో వినపడలేదు, వినపడక్కర్లేదు. నేను కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, గోల్ కిక్ అని చూపించాను.